మా అమ్మకి రెండు పేర్లు

పాసుబుక్కులో మరియమ్మ. రేషన్ కార్డులో మారెమ్మ. ఒకటి ఏసు తల్లి పేరు, ఇంకోటి ఊరి చివరి దేవత పేరు. రెండూ మోసింది ఒక్క మాదిగ మనిషే, మా అమ్మ.

ఎందుకు రెండు? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఏసుని నమ్మిన మాదిగని ఎస్సీ కాదంది. అందుకని చర్చిలో ఒక పేరు, నా హాస్టలు సీటు కోసం కాగితాల్లో ఒక పేరు. మమ్మల్ని రెండుగా చీల్చింది సర్కారు. 2011లో అమ్మ పోయాక, ‘ఈ ఇద్దరిలో చచ్చిందెవరు?’ అనడిగింది బ్యాంకు.

పాసుబుక్కు ట్రంకుపెట్టె అడుగున, బైబిలు సంచిలో దొరికింది. 11,460 రూపాయలు. నామినీ గడి ఖాళీ. వేలిముద్ర వేయించుకున్నోడు ‘నీ తర్వాత ఎవరికమ్మా?’ అని ఒక్క మాట అడగలా. మాదిగదానికి వారసులుంటారని తోచలేదు కాబోలు. (2025 నవంబరు నుంచి నలుగురి పేర్లు రాసుకోవచ్చంట. సంతోషం.)

‘పొలం ఉన్న ఇద్దరి చేత జామీను పెట్టించుకురా’ అన్నాడు మేనేజరు. మా ఊళ్లో పొలం ఎవరి చేతుల్లో ఉందో ఆయనకి తెలవదా? అమ్మ నలభై ఏళ్లు నడుం వంచి నాట్లేసిన కామందు గడపకే పోయా. అరుగు కింద నిలబెట్టి, ‘మీ అమ్మకి ఇంత సొమ్మెక్కడిదిరా?’ అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. తానిచ్చిన కూలిలో ఇంత మిగలదని ఆయనకి బాగా తెలుసు. మా అమ్మ ఎన్ని పూటలు పస్తుందో నాకు తెలుసు. సంతకం అడక్కుండానే తిరిగొచ్చా.

అయ్యా, అసలు జామీను ఏ రూల్లో ఉంది? నామినీ లేకపోయినా, బ్యాంకు పెట్టుకున్న పరిమితి లోపు సొమ్ముకి వారసుల హామీపత్రం చాలని రిజర్వు బ్యాంకు 2005లోనే చెప్పింది. ఆ కాగితం తీసుకెళ్లి టేబులు మీద పెడితే అప్పుడు కుర్చీ చూపించాడు.

పదేళ్లు కదలని ఖాతాల సొమ్ము 2014 నుంచి రిజర్వు బ్యాంకు నిధికి పోతోంది. పోయినా వారసులు అడిగితే ఇవ్వాల్సిందే. వెతుక్కోడానికి 2023లో ఉద్గమ్ పెట్టారు. పేరుతోపాటు పాన్ నంబరో, ఓటరు కార్డో, పుట్టిన తేదీయో అడుగుతది. మావోళ్లు ఏ పేరు కొట్టాలి? 1977 దివిసీమ ఉప్పెన నాటికి ఈడొచ్చిన పిల్ల, అంతే మా అమ్మ పుట్టినరోజు. తమ్ముళ్లూ, మీ ఇళ్లల్లో పెట్టెలు తెరిచి చూడండి. రెండు పేర్లతోనూ వెతకండి.

చివరికి నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించా. ‘మరియమ్మ అలియాస్ మారెమ్మ’ అని కొట్టాడు. అలియాస్ అనే మాట అంతకుముందు పోలీసు స్టేషన్లో, దొంగల పేర్ల పక్కనే చూశా.

ఆ డబ్బుతో అమ్మ సమాధికి సిమెంటు చేయించా. మారెమ్మ పేరు వద్దన్నారు పాస్టరుగారు. రెండూ రాయించా, అలియాస్ లేకుండా.