డీపీలో లూఫీ ఉంటే తప్పేంటి?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం. ఆ రోజుల్లో బందరు గిలకలదిండి హార్బరులో బోట్లన్నీ ఒడ్డున కట్టేసి ఉంటాయి. వలలు బాగుచేసుకునేవాళ్లు కొందరు, ఇంజన్లు విప్పేవాళ్లు కొందరు, పాత రంగు గీకి కొత్త రంగు పూసేవాళ్లు ఇంకొందరు. ప్రతి బోటు మీదా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాల్సిందే. సముద్రంలో గస్తీ తిరిగేవాళ్లకు అది చాలు. కానీ ఒట్టి నంబరుతో సరిపెట్టుకునే యజమాని అరుదు. అమ్మవారి పేరో, కూతురి పేరో, అభిమాన హీరో పేరో పెద్దక్షరాలతో రాయిస్తాడు. నంబరు సర్కారు కోసం, పేరు తనవాళ్ల కోసం.

ఆ యజమాని కొడుకే ఫోనులో తన ఫొటో తీసేసి, గడ్డిటోపీ పెట్టుకుని పళ్లికిలించే లూఫీ బొమ్మను డీపీగా పెడితే మాత్రం ఇంట్లో పేచీ. “నీ మొహం పెట్టుకోవడానికేం రోగంరా?” అంటాడు తండ్రి. బందరులోనైనా, గుడివాడలోనైనా, అవనిగడ్డలోనైనా పెద్దల మాట ఇదే. సొంత మొహం దాచుకునేవాడిలో ఏదో లోపం ఉందని వాళ్ల అనుమానం. ఆ అనుమానం న్యాయం కాదు.

లూఫీ ఎవరో తెలియనివాళ్లకు రెండు ముక్కలు. జపాన్ బొమ్మల కథకుడు ఎయిచిరో ఓడా 1997లో మొదలుపెట్టిన ‘వన్ పీస్’ కథలో నాయకుడతను. సముద్రపు దొంగల కథ అది. అందులో ప్రతి దొంగల ఓడకూ ఒక పుర్రె గుర్తు జెండా ఉంటుంది, ఏ ముఠా గుర్తు దానిదే. లూఫీ జెండాలో పుర్రెకు గడ్డిటోపీ ఉంటుంది. 2025 ఆగస్టులో ఇండోనేషియాలో స్వాతంత్ర్య దినోత్సవానికి జాతీయ పతాకాలు ఎగరేయమని ప్రభుత్వం పిలుపిస్తే, కోపంగా ఉన్న జనం లారీల మీదా ఇళ్ల మీదా ఈ పుర్రె జెండా ఎగరేశారు. మరుసటి నెల నేపాల్ కుర్రకారు అదే జెండా పట్టుకుని వీధుల్లోకొచ్చారు. కాలక్షేపపు బొమ్మ అని తీసిపారేసేవాళ్లు ఈ ముచ్చట ఒకసారి గుర్తుపెట్టుకోవాలి. గుర్తుల విలువ ఈ కృష్ణా సీమకు ఒకరు చెప్పక్కర్లేదు. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య జాతీయ జెండా ఎలా ఉండాలో ఆలోచిస్తూ దాదాపు ముప్పై నమూనాలతో 1916లోనే పుస్తకం వేశాడు.

సొంత మొహం పక్కనపెట్టి ఇంకొకరి రూపంతో నలుగురి ముందుకు రావడం ఈ సీమ దారుల్లో కొత్త సంగతేమీ కాదు. కూచిపూడి భామాకలాపం చూసినవాళ్లకు తెలుసు, సత్యభామ నేరుగా రంగం మీదికి రాదు. ఇద్దరు పట్టుకున్న తెర వెనకనుంచి ముందు ఆమె జడ బయటపడుతుంది. నాట్యంలో తనను మించినవాళ్లుంటే ఆ జడ కోసెయ్యవచ్చని సవాలు. ఆ తర్వాత ప్రవేశ దరువు, తానెవరో తానే పాడి చెప్పుకోవడం. పూర్వం ఆ భామ వేషం కట్టేది మగవాడే. వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ వేషంతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన సొంత మొహం దాచుకున్నారని అన్నవాళ్లెవరూ లేరు.

కూచిపూడికి కూతవేటు దూరంలో మొవ్వ. పదిహేడో శతాబ్దంలో క్షేత్రయ్య తన పదాల్లో ‘మువ్వగోపాల’ ముద్ర వేశాడు. ఊళ్లు తిరుగుతూ, ఆస్థానాలు మారుతూ పాడినవాడికి ఫొటో లేదు, సంతకం లేదు. పదం ఎవరిదో ఈనాటికీ పోల్చుకోగలగడానికి ఆ ముద్రే ఆధారం. ఇన్‌స్టాగ్రామ్‌లో తన పేరుకు ఇంకో జపాన్ కథానాయకుడు నరూటో పేరు కలిపి రాసుకుని, కింద ఇష్టమైన డైలాగు తగిలించుకునే డిగ్రీ కుర్రాడు ఆ తోవలోనే ఉన్నాడు. క్షేత్రయ్యతో పోల్చదగ్గ పని వాడు ఇంకా చెయ్యలేదనుకోండి, అది వేరే సంగతి.

అమ్మాయిల విషయంలో ఇంకో కారణం కూడా ఉంది, ఇది సరదా సంగతి కాదు. డీపీలోంచి ఫొటో ఎత్తి మార్ఫింగ్ చేసే వెధవలకు కొదవలేదు. 2024లో వాట్సాప్ ప్రొఫైల్ ఫొటోలను స్క్రీన్‌షాట్ తియ్యనివ్వకుండా అడ్డుకట్ట వేసింది. ఆ అడ్డుకట్ట రాకముందు కాలేజీ అమ్మాయిలకు పువ్వు బొమ్మో, పిల్లి బొమ్మో, ‘డెమన్ స్లేయర్’ కథలో టాంజిరో చెల్లెలు నెజుకో బొమ్మో రక్షణ. అడ్డుకట్ట వచ్చాకా వాళ్లు ఆ బొమ్మలు మార్చలేదంటే, మార్చమని అడగాల్సింది వాళ్లను కాదు.

ఇంతకీ ఆ బొమ్మలన్నీ జపానువే ఎందుకు? ఇది అడగాల్సిన ప్రశ్న. ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాద్‌లో. రాజీవ్ చిలకా స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ తయారుచేస్తే 2008లో పోగో చానల్లో మొదలైంది. పిల్లలు విరగబడి చూశారు. పదేళ్లు దాటిన పిల్లవాడెవడైనా భీమ్‌ను డీపీగా పెట్టుకుంటాడా? పెట్టుకోడు. లడ్డు తిని బలం తెచ్చుకునే ఆ పిల్లవాడికి వయసు రాదు, సందేహం రాదు, ఓటమి బాధ రాదు. నరూటో ఏకాకిగా మొదలై, ఓడి, ఏడ్చి, పెద్దవాడవుతాడు. పదహారేళ్లవాడికి తన కథ అక్కడ దొరుకుతుంది. మన స్టూడియోలు యానిమేషనంటే పసిపిల్లల సరుకనుకున్నంత కాలం మన బొమ్మ డీపీల్లోకి ఎక్కదు. 2025 జులైలో వచ్చిన ‘మహావతార్ నరసింహ’ ఆ లెక్క కొంత మార్చింది. పెద్దలూ పిల్లలూ కలిసి థియేటర్లు నింపారు, యానిమేషన్ నరసింహుడు పెద్దల స్టేటస్‌లలోకీ ఎక్కాడు. రెండు నెలలు తిరక్కుండానే ‘డెమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ తెలుగు మాటలతో వచ్చింది. రెండింటికీ ప్రేక్షకులు దొరికారు. ఆకలి ఉందని తేలింది, వండేవాళ్లే తక్కువ.

ఇంతవరకూ కుర్రకారు తరఫున వకాల్తా. వాళ్లతోనూ ఒక పేచీ ఉంది.

2025 మార్చి నెలాఖరున చాట్‌జీపీటీలో కొత్త బొమ్మల సదుపాయం వచ్చాక నాలుగైదు రోజులు ఫోన్లన్నీ జపాన్ స్టూడియో ‘జిబ్లీ’ తరహా బొమ్మల మయమైపోయాయి. పెళ్లి ఫొటోలు, పిల్లల ఫొటోలు, బందరు లడ్డు పట్టుకుని దిగిన ఫొటోలు, అన్నింటికీ అవే నున్నటి బుగ్గలు, అవే లేత రంగులు. ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ కూడా తన డీపీ అలాగే మార్చుకున్నాడు. కేంద్ర ప్రభుత్వ మైగవ్ ఖాతా ప్రధాని బొమ్మలు పెట్టింది. బాగానే ఉన్నాయి. కానీ ఆ డీపీల్లో ఎంపిక ఎక్కడుంది? లూఫీని పెట్టుకున్నవాడు వందల ఎపిసోడ్లు చూసి, వేల పాత్రల్లోంచి ఒకడిని ఏరుకున్నాడు. జిబ్లీ మొహం పెట్టుకున్నవాడు మీట నొక్కాడు, అంతే. అందులో చాలామంది ఒక్క జిబ్లీ సినిమా కూడా చూసినవాళ్లు కాదు.

ఆ స్టూడియోలో పని ఎలా సాగుతుందో తెలిస్తే మనసు చివుక్కుమంటుంది. అక్కడి దర్శకుడు మియజాకి తీసిన ‘ది విండ్ రైజెస్’లో గుంపుగా జనం కదిలే దృశ్యం ఒకటుంది, నిడివి నాలుగు సెకన్లు. దాన్ని చేత్తో గీయడానికి యానిమేటర్ ఎయిజీ యమామోరికి ఏడాది మూడు నెలలు పట్టింది. ఆ చెయ్యి ఎవరిదో జిబ్లీ డీపీలో కనపడదు. మన పెడనలో కలంకారీ అచ్చులు చెక్కినవాళ్ల పేర్లు కూడా చీరమీద ఉండవు. దుకాణం పేరు ఉంటుంది, ధర ఉంటుంది. చెక్కిన చెయ్యి ఎవరిదో కొనేవాళ్లు అడగరు. ఇన్నాళ్లూ మన ఊరి చేతివాళ్లకు చేసిన అన్యాయాన్నే ఇప్పుడు జపాన్ చేతివాళ్లకూ చేస్తున్నాం.

బాపు బొమ్మను ఎవరు ఎక్కడ వాడుకున్నా, మూలన ఆ రెండక్షరాల సంతకం కత్తిరించకుండా ఉంచడం తెలుగువాళ్ల మర్యాదగా ఉండేది. అభిమానులు గీసిన బొమ్మలను నెట్‌లోంచి దించుకుని, మూలనున్న పేరు కత్తిరించి డీపీకి గుండ్రంగా అమర్చుకునేవాళ్లు ఆ మర్యాద తప్పుతున్నారు. గీసినవాళ్లలో చాలామంది వాళ్లలాంటి విద్యార్థులే. కుదిరితే తామే గీసుకోవచ్చు. లూఫీ టోపీ ఎవరికైనా వస్తుంది, కాస్త వంకర పోయినా అది వాళ్ల సొంతం.

వాట్సాప్ ‘అబౌట్’ గడిలో చాలామందికి ఇప్పటికీ కంపెనీ ఇచ్చిన ‘హే దేర్! ఐ యామ్ యూజింగ్ వాట్సాప్’ అన్న ముక్కే ఉంటుంది. ఆ గడిలో ఒక పేరుకు చోటు సరిపోతుంది. కుర్రవాళ్లూ, ఆ ముక్క చెరిపేసి డీపీ బొమ్మ గీసినవాళ్ల పేరు రాయండి. నాన్నలూ, ఈసారి బోటుకు రంగు వేయించేటప్పుడు పక్కన ఏ బొమ్మ గీయించాలో మీ వాడిని ఒకసారి అడగండి.