మామిడి తోటల్లో 11 కేవీ లైన్లు: కవర్డ్ కండక్టర్ వేస్తే చెట్టు నరకడం తప్పుతుందా?

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల్లో మామిడి కోతలు, ఈదురుగాలులు ఒకే కాలంలో వస్తాయి. కొమ్మ తీగకు తగిలి ఫీడర్ ట్రిప్ అవడం, ఆ తర్వాత లైను కింది చెట్ల తలలు నరకడం రైతులకు కొత్త కాదు. కాపుకొచ్చిన బంగినపల్లి కొమ్మ పోతే మళ్లీ ఆ కాపు రావడానికి ఏళ్లు పడుతుంది.

తోటలోకి హైటెన్షన్ ఎందుకు వచ్చింది?

గతంలో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొడవాటి ఎల్‌టీ లైన్లు బోర్ల దాకా వచ్చేవి. చివర్లో వోల్టేజీ పడిపోయి మోటార్లు కాలేవి. హెచ్‌వీడీఎస్ పద్ధతిలో 11 కేవీ లైనునే పొలం దాకా తెచ్చి, కొద్ది మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. 415 వోల్టులతో పోలిస్తే అంతే లోడుకు 11 కేవీ తీగలో పారే కరెంటు సుమారు 26వ వంతు. నష్టం తగ్గింది, మోటారు నిలిచింది. కానీ ప్రాణాంతకమైన తీగ చెట్ల మధ్యకు వచ్చింది.

కవర్డ్ కండక్టర్ అంటే?

అల్యూమినియం మిశ్రమ తీగపై రెండు, మూడు మిల్లీమీటర్ల మందాన ఎక్స్‌ఎల్‌పీఈ ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. కొమ్మ తగిలినా, గాలికి తీగలు ఒకదానికొకటి కొట్టుకున్నా వెంటనే షార్ట్ కాదు. అందువల్ల తీగలను దగ్గరగా కట్టవచ్చు. లైను వెడల్పు తగ్గుతుంది, నరకాల్సిన కొమ్మలూ తగ్గుతాయి. ఫిన్లాండ్, స్వీడన్ అడవుల్లో దశాబ్దాలుగా వాడుతున్నారు. కార్చిచ్చుల భయంతో కాలిఫోర్నియాలోనూ వేస్తున్నారు.

అయితే కొమ్మలు కొట్టడం పూర్తిగా తప్పదు. కొమ్మ రోజూ రాసుకుంటే తొడుగు అరిగిపోతుంది. పిడుగు ప్రభావంతో తీగ ఒకేచోట కాలి తెగకుండా ప్రత్యేక రక్షణ పరికరాలు పెట్టాలి. ఖర్చు కూడా మామూలు తీగ కంటే ఎక్కువ.

ఈ పొరపాటు చేయవద్దు

తొడుగు ఉందని తీగను ముట్టుకోకూడదు. ఇది భూగర్భ కేబుల్ లాంటిది కాదు, మనిషికి రక్షణ ఇవ్వదు. ఇంకో ప్రమాదం ఉంది. ఇలాంటి తీగ తెగి నేలపై పడినా భూమిలోకి తగినంత కరెంటు పారకపోవచ్చు, అప్పుడు సబ్‌స్టేషన్‌లో ట్రిప్ కాదు. చప్పుడు, నిప్పురవ్వ లేకపోయినా తీగలో కరెంటు ఉందనే అనుకోండి. దూరంగా ఉండి 1912కు ఫోన్ చేయండి.

మీరు చేయాల్సినవి

• లైను దగ్గరి చెట్లకు అల్యూమినియం గడలతో కాయలు కోయించవద్దు. తడిసిన వెదురు గడ కూడా ప్రమాదమే. కోతకు ముందే లైన్‌మన్‌కు చెప్పి ఎల్‌సీ తీయించండి. సరఫరా ఆపినట్టు ఆయన చెప్పాకే కూలీలను చెట్టెక్కించండి.
• లైను కింద కొత్తగా మామిడి, కొబ్బరి, ఆయిల్‌పామ్ నాటవద్దు. కూరగాయలు, పశుగ్రాసం వేసుకోండి.
• లైను కంటే ముందే ఉన్న చెట్టును తీయాలని మేజిస్ట్రేట్ ఆదేశిస్తే, విద్యుత్ చట్టం 2003లోని 68వ సెక్షన్ ప్రకారం తగిన పరిహారం ఇప్పించాలి. చెట్ల వయసు, ఫొటోలు, లైను వేసిన సంవత్సరం రాసి దగ్గర ఉంచుకోండి.
• ఒక్కరు కోరి లైను మార్పించుకుంటే ఆ ఖర్చు సాధారణంగా వారి మీదే పడుతుంది. కాబట్టి ఒకే ఫీడర్ రైతులంతా కలిసి ఏఈకి అర్జీ ఇవ్వండి. లైను మొత్తానికి కాకుండా, చెట్లు దట్టంగా ఉండి తరచూ ట్రిప్ అయ్యే స్తంభాల మధ్య మాత్రమే కవర్డ్ కండక్టర్ అడగండి. స్తంభాల నంబర్లు, ట్రిప్ అయిన తేదీలు రాసివ్వండి. అర్జీ నకలుపై రసీదు తీసుకోండి.

చెట్టు నరికినప్పుడల్లా రైతు నష్టపోతున్నాడు, ట్రిప్ అయినప్పుడల్లా ఫీడర్ మొత్తం నష్టపోతోంది. ఆ లెక్క కాగితం మీద చూపగలిగితే ఖర్చు ఎక్కువన్న అభ్యంతరానికి మీ దగ్గర జవాబు ఉంటుంది. వచ్చే కోతకు ముందే ఈ పని మొదలుపెట్టండి.