అదే పాడ్యమి, మరో లెక్క

ఉగాది పొద్దున మనం వేపపూత కోసం వెతుక్కునే వేళకే ఇంఫాల్ లోయలో మైతేయి కుటుంబాలు ఇంటి దైవం సనామహికి బియ్యం, కూరగాయలు, పళ్లు, పూలు సమర్పిస్తుంటాయి. వండినదాంట్లో కొంత వీధి గుమ్మం ముందు దేవతలకు పెడతారు, ఇరుగుపొరుగుకు పంచుతారు, భోజనాలయ్యాక కొండ ఎక్కుతారు. ఆ పండుగ సజిబు చైరావోబ. సజిబు నెల తొలి తిథి, మన చైత్ర శుద్ధ పాడ్యమి ఒకటే.

ఆ సంవత్సర గణనను ప్రారంభించింది మలియఫమ్ పాల్చ అనే ప్రాచీన రాజని మైతేయిల నమ్మకం. ఆయన పేరిట నడిచే లెక్కలో 2025 మార్చి 30న 3423వ ఏడు మొదలైంది. మణిపూర్ రాజుల చరిత్ర చెప్పే 'చైథరోల్ కుంబాబ' సా.శ. 33లో, పాఖంగ్బ రాజుతో ఆరంభమవుతుంది. అంతకు పద్నాలుగు వందల ఏళ్ల ముందటి రాజుకు రుజువేదని అడిగి పక్కకు తప్పుకోవడం తేలిక. శాలివాహనుడి పేర శకం చెప్పుకుంటూ సంకల్పం చదివే మనం మాత్రం ఆ తొందర పడకూడదు.

ఈ కథలో నన్ను కదలనివ్వనిది మరొకటుంది. 1485లో క్యాంబ రాజు ఏటికొక మనిషిని చైథాబగా నియమించే పద్ధతి పెట్టాడు. రాజు పాపాలు, ప్రజల పాపాలు, ఆ ఏడు రాబోయే రోగాలు, కష్టాలు అన్నీ తన నెత్తిన వేసుకుంటానని ఆ మనిషి ఒప్పుకోవాలి. అతని పేరే ఆ ఏటి పేరు. 'చై' అంటే కర్ర. కర్రలు పెట్టి ఏళ్లు లెక్కించిన కాలం ఆ మాటలో ఇంకా ఉంది. మనకు ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లు, అవే మళ్లీ మళ్లీ వస్తాయి. మన పంచాంగ శ్రవణంలో రాజు, మంత్రి, సేనాధిపతి అంతా గ్రహాలే. అక్కడ ఏడాది మంచిచెడ్డలు మోసినవాడు అన్నం తిని, జ్వరం పడే మనిషి. ఇంత గొప్ప ఊహ మన పక్కనే ఉండగా తెలుసుకోకపోవడం మన లోటే.

మణిపురి భాష 1992లోనే ఎనిమిదో షెడ్యూలులో చేరింది. అయినా మన సాహిత్య పత్రికల్లో, మా పత్రికతో సహా, ఆ భాష రచనలు కనబడటం అరుదు. చదువుకో, ఉద్యోగానికో, సైన్యంలోనో ఇంఫాల్‌లో ఉండి ఆ పండుగను కళ్లారా చూసినవారు మాకు రాయండి. వచ్చే చైత్ర సంచికలో ఆ రచనల కోసం పుటలు అట్టేపెట్టాం.