ఇందిరాపార్కు వాకర్లదైతే, ధర్నాచౌక్ ఎవలది?

ఇందిరాపార్కు అనంగనే మన ఊర్లోళ్లకు చెట్లకంటే ముందు టెంట్లు, జెండాలు, మైకులే యాదికొస్తయి. నిజానికి ధర్నాలు అయ్యేది పార్కు లోపట కాదు, పక్కపొంటి రోడ్డు మీద. గా జాగనే ధర్నాచౌక్ అంటరు. అయినా ఈ రెండింటి కథను ఇడదీసి చెప్పరాదు.

1975 సెప్టెంబర్ల అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఈ పార్కుకు పునాదిరాయి ఏసిండు. అదే ఏడు జూన్ల ఎమర్జెన్సీ కాయితం మీద సంతకం పెట్టింది గూడ ఆయనే. గొంతెత్తితే జైల్ల ఏస్తున్న రోజులవి. ఎమర్జెన్సీ తెచ్చిన ఇందిరమ్మ పేరుతోని గా పార్కు 1978ల జనానికి తెరుచుకున్నది. తర్వాత దాని పక్కనే రాష్ట్రం నలుమూలల జనం వచ్చి గోడు చెప్పుకునే జాగ తయారైంది.

పార్కు తక్కువదేం కాదు. దోమలగూడ కాడ, హుస్సేన్‌సాగర్ దగ్గర్ల 76 ఎకరాలు. నడిచే బాటలు, పిల్లల ఆటజాగ, పడవలు తిరిగే చెరువు, రాక్ గార్డెన్, గంధం చెట్లు ఉన్నయి. పక్కనే అశోక్‌నగర్, చిక్కడపల్లి. కొలువుల కోసం పల్లెలకెళ్లి పోయినోళ్లు కిరాయి రూముల్ల ఉండి చదువుకునేది ఆడనే. ఇరుకు రూంల ఉండేటోళ్లకు చెట్టుకింద గంటసేపు కూసునుడు ఎంత అక్కరో చెప్పే పనిలేదు.

2017ల అప్పటి టీఆర్ఎస్ సర్కారు ధర్నాచౌక్‌ను ఎత్తేసి, పట్నం అవతల జాగలు చూపెట్టింది. ట్రాఫిక్ ఆగుతున్నది, చుట్టుపక్కలోళ్లకు, వాకర్లకు తిప్పలైతున్నదని చెప్పిన్రు. మే 15న ప్రతిపక్షాలు, సంఘాలు చలో ధర్నాచౌక్ అన్నయి. చౌక్ వద్దనేటోళ్లు గూడ అదే జాగకు వచ్చిన్రు. కొట్లాటైంది, లాఠీలు లేచినయి. 2018ల హైకోర్టు మళ్ల ధర్నాలకు దారిచ్చింది.

తర్వాత సంగతి ఇంకా చూడాలె. 2021 నవంబర్ 18న ముఖ్యమంత్రి కేసీఆరే అదే ఇందిరాపార్కు కాడ కూసున్నడు. వడ్లు కొనాలని కేంద్రం మీద మహాధర్నా చేసిండు. ఊరవతల పోయి చెప్తే ఢిల్లీకి ఇనబడదని ఆయనకు గూడ ఎరుకే. 2023 ఆగస్టుల ఇందిరాపార్కు కాడికెళ్లి వీఎస్టీ దాంక స్టీల్ బ్రిడ్జి తెరిచి, నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టిన్రు. ఆయన కార్మిక సంఘాలల్ల పెరిగిన లీడర్. చౌక్‌ను ఎత్తేసిన నాడు హోంమంత్రి గూడ ఆయనే.

సర్కారు మారినంక గూడ బుద్ధి పూర్తిగ మారలే. 2024 అక్టోబర్ల గ్రూప్-1 మెయిన్స్ వాయిదా ఎయ్యాలని అభ్యర్థులు అశోక్‌నగర్ల రోడ్డెక్కితే, పోలీసులు ఉరికిచ్చిన్రు.

పార్కు లోపట గూడ గిసొంటి పంచాయితే నడిచింది. 2021 ఆగస్టుల పెండ్లి గాని జంటలు లోపటికి రావద్దని గేటు కాడ బోర్డు పెట్టిన్రు. సోషల్ మీడియాల లొల్లి అయినంక తీసేసిన్రు. రోడ్డు మీద ధర్నా చేసేటోడు అడ్డమన్నరు, పార్కుల జంట అడ్డమన్నరు. రెండుసార్లు గూడ జాగ ఎవలిదో పైనున్నోళ్లే తేల్చిన్రు, జనాన్ని అడగలే.

ఆడ ఉండేటోళ్ల తిప్పలు అబద్ధమని అంటలేను. పొద్దంత మైకు మోగితే ముసలోళ్లకు, చదువుకునే పిల్లలకు కష్టమే. దానికి మైకు సౌండు తగ్గియ్యాలె, టైం పెట్టాలె, అంబులెన్సుకు దారి ఇడువాలె. దూరంకెళ్లి వచ్చిన ఆడోళ్లకు బాత్రూములు, తాగనీకి నీళ్లు, జర నీడ ఏర్పాటు చెయ్యాలె. పర్మిషన్ ఇయ్యకుంటె ఎందుకియ్యలేదో కాయితం మీద రాసియ్యాలె. గివేం కోట్ల రూపాయల పనులు కావు.

అశోక్‌నగర్ల చదివే మనోడు పొద్దుగాల అదే పార్కుల నడుస్తడు, నోటిఫికేషన్ రాకుంటె పగటీలి అదే రోడ్డు మీద ప్లకార్డు పడ్తడు. వాకరూ వాడే, ధర్నా చేసేటోడూ వాడే. ఇద్దరిని ఎదురెదురు నిలబెట్టి పంచాయితీ పెట్టే లీడర్ ఏ పార్టోడైనా సరే, పవర్ పోయిన నాడు నువ్వేడ కూసుంటవని అడుగుండ్రి.