కాళ్ళ క్రింద ఏమి పరచవలెను? - సగ్గుబియ్యపు మిల్లుల నేలను గురించి

పెద్దాపురం, సామర్లకోట ప్రాంతములలో కర్రపెండలం పండించు రైతులకు సగ్గుబియ్యపు మిల్లు క్రొత్త కాదు. త్రవ్విన దుంప రెండు మూడు దినములు దాటిన చెడిపోవును గాన వెంటనే మిల్లుకు తోలుదుము. కాటా వేయించి, చీటీ తీసుకొని, టీ త్రాగి ఇల్లు చేరుదుము. లోపల మనుష్యులు నిలబడి పనిచేయు నేల ఎట్లున్నదో చూచు అలవాటు మనకు లేదు. నేను కూడ చాల ఏండ్లు చూడలేదు.

మూడేండ్ల క్రిందట ఒక మిల్లులో, పేరు అనవసరము, చీటీ కొరకు నిలబడియుండగా కడుగుడు తొట్టి వద్ద దుంపల గంపతో వచ్చుచున్న ఒక ఆడకూలి జారి పడినది. మా ఊరి మనిషే. మణికట్టు విరిగినది. దుంపల కాలము మన ప్రాంతములో నాలుగైదు మాసములే. ఆమెకు ఆ ఏటి కూలి అంతయు పోయినది. మరునాడు చూడబోయి, "ఏమ్మా, అక్కడ పీచుపట్టా పరిచే ఉంది కదా, ఎలా పడ్డావు?" అని అడిగితిని. "ఆ పట్టాయే పడేసింది బాబూ. అంచు లేచిపోయుంది, కిందంతా పిండి బంక" అని చెప్పినది.

ఆ మాటతో నాకు ఈ విషయముపై ధ్యాస కలిగినది. మిల్లు యజమాని లోభి కాడు. కూలీలు జారుచున్నారని తెలిసి, డబ్బు పెట్టి పట్టాలు కొని పరిపించినాడు. తప్పు కొనకపోవుటలో లేదు, కొన్నదానిలో ఉన్నది.

కొబ్బరిపీచు పట్టా మన కోనసీమ సరకు. పీచులో లిగ్నిన్ అను పదార్థము నూటికి నలుబది పాళ్ళ వరకు ఉండుటచే అది నీటికి, చివరకు ఉప్పునీటికి కూడ, తేలికగా క్రుళ్ళదు. అందుచేతనే "పీచు కుళ్ళదు కదా, తడి చోట వేసిన ఏమి?" అని చాలమంది అందురు. పీచు క్రుళ్ళదు, నిజమే. కాని పీచు సందులలో చిక్కుకొన్న పిండి మాట ఏమి? అది ఒక్క రాత్రిలో పులియును. పట్టా పిండినీటిని పీల్చి బరువెక్కును, అడుగున జిగురుపొర కట్టును, ఎండి తడిసి అంచులు ముడుచుకొనును. చూచువారికి నేల కప్పబడియున్నట్లుండును, నడచువారికి మాత్రము అది ఉచ్చు. ఏమియు పరచని తడి నేలపై మనిషి కనీసము జాగ్రత్తగానైన అడుగు వేయును.

తడి చోట పరచవలసినది రంధ్రముల రబ్బరు పట్టా. పైన పడిన నీరు రంధ్రములగుండా దిగిపోవలెను; అడుగున చిన్న కాళ్ళవంటి బుడిపెలుండి, ఆ నీరు నేలమీద ప్రవహించుటకు సందు ఇవ్వవలెను. అంచులు ఏటవాలుగా నుండవలెను, లేనిచో గంపతో వచ్చువారి బొటనవ్రేలు తగులును. మూడడుగుల వెడల్పు, అయిదడుగుల పొడవుగలవి బజారులో దొరకును. అంతకు పెద్దవి కొనవద్దని నా సలహా. రబ్బరు బరువైనది, ఇద్దరు ఆడవారు ఎత్తి, గోడకు నిలబెట్టి, రెండు ప్రక్కల కడుగుటకు వీలులేని పట్టాను ఎవరును కడుగరు. కడుగని రబ్బరు పట్టా పులిసిన పీచుపట్టాకంటె మేలైనది కాదు.

రబ్బరు వలన ఇంకొక లాభము కలదు. జల్లెడల వద్ద, తురుము యంత్రము వద్ద ఉన్నవారు పూటంతయు ఒకేచోట నిలబడుదురు. కదలక నిలబడిన పిక్కల కండరములు పనిచేయవు, రక్తము కాళ్ళలో నిలిచిపోవును, సాయంత్రమునకు పాదములు వాచును. సిమెంటు నేల ఏమాత్రము లొంగదు. కొంచెము లొంగు పట్టాపై నిలబడినపుడు నిలదొక్కుకొనుటకు కాలి కండరములు తెలియకుండగనే కదలుచుండును. అయితే మెత్తదనము ఎక్కువైనకొలది మంచిదనుకొనరాదు. పరుపువలె దిగిపోవు నురుగు పట్టాలపై బరువుతో నడచువారికి మడమ తిరుగును. అవి తడికి, గంపల రాపిడికి త్వరగా చినుగును కూడ. బొటనవ్రేలితో గట్టిగా నొక్కిన కొద్దిగా దిగి, వ్రేలు తీయగనే లేచు పట్టా చాలును.

పట్టా వేసితిమి గదా అని కూర్చుండ బెట్టకపోవుట మాత్రము న్యాయము కాదు. నిలబడి పనిచేయువారికి, పనికి భంగము లేకుండ అవకాశము దొరికినపుడు కూర్చుండుటకు ఏర్పాటు చేయవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 44వ సెక్షనులోనే విధించినారు. తడిసిన నేలకు నీరు పోవు మార్గము ఉండవలెనని అదే చట్టము 11వ సెక్షను చెప్పినది. ఇవి నిన్న మొన్న పుట్టిన మాటలు కావు. ఒక ముక్కాలిపీట ఖరీదు పట్టా ఖరీదులో ఏపాటి?

దుంపల తొక్క తీయువారి సంగతి వేరు. వీరు కూర్చుండి పనిచేయుదురు గాన వీరికి పట్టా అక్కరలేదని అందరి భావము. గోనెసంచి మడిచి వేసికొని కూర్చుందురు. గంటలో అది తడిసి ముద్దయగును. తక్కిన పూట తడి గోనెపైనే. వీరికి నేలకు జానెడెత్తున చెక్కబల్ల వేసి, దానిపై పీచుపట్టా పరచిన బాగుండును. పీచుపట్టాకు తగిన చోటు ఇదే. పొడిగా నుండును, చలి తెలియనివ్వదు. ఆఫీసు గుమ్మము వద్ద, బస్తాల గోదాము వాకిట కూడ అదే మేలు. కాళ్ళ మట్టిని పీచు రాచినట్లు రబ్బరు రాచలేదు. కోనసీమ పీచుకు గిరాకి పెరుగవలెనని నేనును కోరుదును, కాని తడి తొట్టి వద్ద వేసి దానికి చెడ్డపేరు తేవలదు. పీచు సరకుల వివరములు కావలసినవారు 1953 నాటి చట్టము క్రింద ఏర్పడిన కాయిర్ బోర్డును అడుగవచ్చును.

సగ్గుబియ్యము వేయించు పెనముల వద్ద ఏ పట్టాయు వద్దు. నిప్పురవ్వ పడిన ప్లాస్టిక్ కరగును, రబ్బరు కాలును, పీచు లోలోపల రాజుకొని ఎంతసేపటికో గాని కనబడదు. అక్కడ గరుకు రాతి నేల, కాళ్ళకు చెప్పులు, అంతే.

కరెంటు బోర్డుల వద్ద అన్నిటికంటె పెద్ద పొరపాటు జరుగుచున్నది. రబ్బరు ఏదైనను షాకు కొట్టనీయదని నమ్మి, పాత నల్ల రబ్బరు ముక్కను అక్కడ వేయుదురు. నల్ల రబ్బరులో కలుపు మసి హెచ్చుగా నున్నచో అది కరెంటును పోనిచ్చును. రంధ్రముల పట్టా ఐతే ఇక చెప్పనక్కరలేదు, తడి అడుగునుండి పైకి వచ్చును. బోర్డు ముందు వేయవలసినది భారత ప్రమాణ సంస్థ 15652 నంబరు గుర్తుగల విద్యున్నిరోధక పట్టా. దానిలో ఎ తరగతి, 2 మిల్లీమీటర్ల మందముది, 3.3 కిలోవోల్టుల వరకు వాడదగినది. మన మిల్లు మోటార్లకు అది చాలును. దీనిలో మాత్రము బేరమాడి తక్కువ రకము తీసికొనరాదు.

ధాన్యపు మిల్లులున్న రైతులు ఒక మాట గమనింపవలెను. తవుడులో నూనె ఉండును. సహజ రబ్బరు నూనె పీల్చి ఉబ్బి, మెత్తబడి, తునిగిపోవును. అక్కడికి నైట్రైల్ రబ్బరు పట్టా తగును. దుకాణదారుని మాటపై ఆధారపడక చిన్న ముక్క అడిగి తెచ్చి, రాత్రి తవుడు నూనెలో వేసి, తెల్లవారి కొలిచి చూచిన తెలియును. పాడి గేదెల కొట్టములకు పట్టాలు కొనువారికి ఈ నూనె బెడద లేదు గాని, ఎత్తి కడుగవలెనన్న నియమము వారికి మరింత ముఖ్యము. మూత్రము అడుగున నిలిచిన పొదుగుకు చేటు.

పట్టా కొనుటకు ముందు నేలను చూడవలెను. పులిసిన పిండినీటిలోని ఆమ్లము సిమెంటును తినివేయును. కడప రాయి వేసిన మేలని కొందరందురు. అదియు సున్నపురాయియే, ఆమ్లమునకు ఆగదు. నల్లరాయి ఆగును. నేల గుంటలు పడి నీరు నిలిచినచో దానిపై ఎంత మంచి పట్టా వేసినను లాభము లేదు. గుంటలు పూడ్చి, పది అడుగులకు ఒకటిన్నర అంగుళము వాలు ఇచ్చి, కాలువను రోజును ఊడ్పించిన తరువాతనే పట్టా మాట.

"నాలుగు నెలల పనికి ఇంత ఖర్చా?" అని యజమానులు అడుగుదురు. మిల్లు అంతయు పరువనక్కరలేదు. మనిషి కదలక నిలబడు చోట్లు, బరువుతో తిరుగు తడి చోట్లు లెక్కించిన, నేను చూచిన మిల్లులో పది కూడ తేలలేదు. పని ముగిసిన పిదప కడిగి, నీడలో ఆరబెట్టి, మడవక చుట్టి దాచిన అవే పట్టాలు మరు సంవత్సరమును వచ్చును. దుంప తోలు రైతులు నలుగురు కలిసి ఈ మాట అడిగిన యజమాని వినకపోడు. మన దుంప లేనిదే అతని మిల్లు తిరుగదు. కార్మిక శాఖ వారికన్న ముందు లోపలికి పోగలవారు మనమే.

ఈ ఏడు దుంప దించుటకు నేను వెళ్ళినపుడు ఆ కడుగుడు తొట్టి వద్ద నాలుగు రంధ్రముల పట్టాలు కనబడినవి. మా ఊరి ఆమె కూడ పనిలోనికి వచ్చినది, తొక్క తీయుచున్నది, గంప ఎత్తుట మానినది. కాలువ మాత్రము ఇంకను పూడియే ఉన్నది. యజమానికి చెప్పి వచ్చితిని.