బస్తీకి వచ్చిన రైతు భోజనం ఎక్కడ చేయాలి?

సూర్యాపేట: తెల్లవారుజామున ఊళ్లో చాయ్ తాగి బయలుదేరిన రైతు, పేట మార్కెట్ యార్డులో ధాన్యం రాశి పోసుకునేసరికి ఎండెక్కుతుంది. కాంటా అయ్యేదాకా రాశి విడిచి కదలడానికి వీల్లేదు. కదిలినా ఎక్కడ తినాలో తెలియదు. గేటు బయట నాలుగు మిర్చి బజ్జీలు తిని, సాయంత్రం ఇంటికి పోయాక అన్నం తినేవారు ఎందరో ఉన్నారు.

సూర్యాపేటలో గానీ, కోదాడ, మిర్యాలగూడల్లో గానీ హోటళ్లకు కొదవ లేదు. హైదరాబాదు-విజయవాడ రోడ్డు నాలుగు వరుసలయ్యాక ఊరి బయట అద్దాల హోటళ్లు లేచాయి. కార్లలో పోయేవారికి అవి బాగానే ఉంటాయి, వాటిని తప్పుపట్టవలసిన పని లేదు. కానీ వడ్లు అమ్ముకునేందుకు, కోర్టు వాయిదాకు, పెద్దాస్పత్రిలో పడుకున్న మనిషిని చూసుకునేందుకు వచ్చినవారికి వాటివల్ల ఒరిగేది తక్కువ. లోపల కూర్చున్నాక ధర తెలిసి, లేచిపోవడానికి మొహమాటపడి, ముగ్గురికి ఒక బిర్యానీ తెప్పించుకుని సరిపెట్టుకునే కుటుంబాలూ ఉన్నాయి.

మంచి హోటలు ఏదంటే పేర్లు చెప్పడం తేలిక. అయితే పేరు రాస్తే అది ప్రకటన అవుతుంది. పైగా వంటమనిషి మారితే రుచి మారుతుంది, బోర్డు మాత్రం అదే ఉంటుంది. అందుచేత గుర్తులు తెలుసుకోవడం మేలు. హమాలీలు, లారీ డ్రైవర్లు రోజూ ఎక్కడ తింటారో అక్కడ తినవచ్చు. ఒళ్లు వంచి పనిచేసేవాడు చద్దికూరకు రెండోసారి రాడు. మధ్యాహ్నం రెండున్నరకు అన్నం అయిపోయిందని చెప్పే మెస్సు, రాత్రి దాకా అన్నీ ఉన్నాయనే హోటలు కంటే నయం. ముద్దపప్పు, పచ్చిపులుసు, ఒక వేపుడు, చిక్కటి మజ్జిగ ఉంటే కష్టజీవికి అంతకన్నా ఏం కావాలి?

బజ్జీల మూకుడు వైపు కూడా ఒక చూపు వేయాలి. నూనె నల్లబడి, నురుగు కడుతూ పొగలు వస్తుంటే అక్కడి నుంచి కదలడమే ఆరోగ్యం. కాచిన నూనెనే పదేపదే వాడకుండా 2018 జూలై 1 నుంచి దేశమంతటా నిబంధన ఉంది. హోటలు నడిపేవారు ఆహార భద్రత లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ తీసుకుని, ఆ కాగితం జనానికి కనిపించేలా పెట్టాలి. దాని మీద 14 అంకెల నంబరు ఉంటుంది. గోడకు దేవుడి పటాల పక్కన అది కూడా ఉందా అని చూసేవారు తక్కువ, అడిగేవారు ఇంకా తక్కువ.

కోదాడ సంగతి కొంత వేరు. ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉండడంతో అక్కడి విస్తట్లో రెండు వైపుల రుచులూ కలుస్తాయి. గోంగూర, చేపల పులుసు ఒక వైపు, జొన్నరొట్టె, నాటుకోడి కూర మరో వైపు. ఇక చీకటి పడేవేళ రోడ్డు పక్కన పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు కాల్చి అమ్మే ఆడవాళ్లు ఏ ఊళ్లో కనిపించినా వారి దగ్గర కొనడానికి సందేహించనక్కరలేదు. రొట్టె కళ్లముందే కాలుతుంది, దాచిపెట్టడానికేమీ ఉండదు.

అసలు బాధ మిర్యాలగూడలో ఉంది. సాగర్ ఎడమ కాల్వ నీటితో వరి పండి, ఆ వరితో రైసు మిల్లులు పెరిగి, మిల్లులతో ఊరు పెరిగింది. సన్నవడ్ల కోతలు ముమ్మరమైతే మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరుతాయి. ఆ రోజుల్లో రైతు ట్రాక్టరు మీదనే రాత్రి గడపవలసి వస్తుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న సద్ది మొదటి పూటకే అయిపోతుంది. బండి విడిచిపోతే వరుస పోతుందని భయం. లోపల బియ్యం బస్తాల కొద్దీ ఉన్నా, వడ్లు పండించినవాడికి మిల్లు బయట పిడికెడు అన్నం దొరకదు. బీహారు నుంచి వచ్చిన హమాలీలు తమ రొట్టెలు తామే కాల్చుకుంటారు. రైతుకు ఆ వీలు కూడా లేదు.

పూర్వం పూటకూళ్ల ఇళ్లుండేవి. ఓరుగల్లులో ఒక పూటకూళ్ల ఇంట రూక ఇస్తే ఏమేమి వడ్డించేవారో 'క్రీడాభిరామం' వరసగా చెబుతుంది. ధర ఇంత, వడ్డన ఇది అని తినబోయేవాడికి ముందే తెలిసిందన్నమాట. ఈనాటి హోటళ్లు గుమ్మం ముందు ధరల పలక పెట్టడానికి ఎందుకు వెనకాడుతున్నాయో అర్థం కాదు.

హైదరాబాదులో 2014లో అయిదు రూపాయల భోజనం మొదలైంది. ఆంధ్రలో అన్న క్యాంటీన్లు 2018లో మొదలై, మరుసటి ఏడే మూతపడి, 2024 ఆగస్టు 15 నుంచి మళ్లీ తెరుచుకున్నాయి. ప్రభుత్వాలు మారినప్పుడు బోర్డు మార్చుకోవచ్చు గానీ పొయ్యి ఆర్పకూడదు. యార్డు గేటు దగ్గర, పెద్దాస్పత్రి దగ్గర, మిల్లుల రోడ్డులో ఇటువంటి భోజనం లేనిచోట రావాలి, ఉన్నచోట నిలవాలి. రైతు అమ్మిన సరుకు మీద వసూలయ్యే మార్కెట్ ఫీజులో కొంత అతని ముద్దకు పెడితే తప్పేమిటి?

వానాకాలం కోతలు వస్తే ట్రాక్టర్లు మళ్లీ బారులు తీరుతాయి. ఆలోగా మార్కెట్ కమిటీ, మునిసిపాలిటీ, మిల్లర్లు ఒకచోట కూర్చుని మిర్యాలగూడ మిల్లుల రోడ్డులో ఒక రేకుల షెడ్డు, ఒక మంచినీళ్ల కుళాయి, రాత్రి పదింటి దాకా అన్నం వడ్డించే ఏర్పాటు చేయాలి.