చెందుర్తి తుపాకులకు గురి ఎంత?

1759 తొలి నెలల్లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కెప్టెన్ నాక్స్ సిపాయిల పటాలంతో నరసాపురం మీదికి వచ్చేసరికి అక్కడి ఫ్రెంచివాళ్లు ఊరు వదిలి మచిలీపట్నం దారి పట్టారు. అంతకు ముందు డిసెంబరులో గొల్లప్రోలు దగ్గరి చెందుర్తి పొలాల్లో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ సైన్యం ఓడిపోయింది. ఆ తరువాత గోదావరి పాయల మధ్య ఫ్రెంచివాళ్లకు నిలువ నీడ లేకపోయింది. ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది.

ఈ కథను మన పాఠాలు తేదీలతో, సేనాధిపతుల పేర్లతో ముగిస్తాయి. ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ ఎత్తు వేశాడు, విజయనగరం ఆనందగజపతిరాజు అండగా నిలిచాడు, కాన్‌ఫ్లాన్స్ దెబ్బతిన్నాడు. ఇరుపక్షాల చేతుల్లో ఉన్న తుపాకీ ఎంత దూరం కచ్చితంగా తగిలేదో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ ఒక్క సంగతి తెలియకుండా చెందుర్తి అర్థం కాదు.

ఆనాటి పోరులో ఎర్రకోట్లు తొడిగిన కంపెనీ సిపాయిలను చూసి, వాళ్లే తెల్ల సైనికులనుకున్న ఫ్రెంచి పటాలం దూరం నుంచే కాల్పులు మొదలుపెట్టింది. అసలు ఇంగ్లీషు పటాలం పక్కనే ఎత్తుగా ఎదిగిన చేను మాటున ఉంది. ఫ్రెంచివాళ్లు సిపాయిల వెంటపడి బారు చెదిరాక, అది పక్కనుంచి దగ్గరగా కాల్చింది. చరిత్రకారులు దీన్ని ఫోర్డ్ తెలివి కింద రాశారు. అందులో సగం పేరు తుపాకీ గొట్టానికి కూడా దక్కాలి.

కంపెనీ సైనికుడి తుపాకీ గొట్టం లోపలి వ్యాసం సుమారు 19 మిల్లీమీటర్లు. అందులో వేసే సీసపు గుండు 17.5 మిల్లీమీటర్లు. ఆ ఖాళీ పొరపాటున వచ్చింది కాదు. మూతిలోంచి మందు పోసి, గుండు జారవిడిచి, కడ్డీతో దట్టించాలి. నాలుగుసార్లు కాల్చేసరికి లోపల మసి పేరుకుంటుంది. గుండు బిగుతుగా ఉంటే దిగదు. సైన్యానికి గురికన్నా వేగం ముఖ్యం కాబట్టి గుండును కావాలనే చిన్నదిగా పోసేవారు. వదులు గుండు గొట్టం గోడలకు కొట్టుకుంటూ వెళ్లి, చివరికి ఏ గోడను రాసుకుందో దాన్ని బట్టి తిరుగుతూ బయటపడుతుంది. ఆపైన స్పిన్ బౌలర్ బంతిలా గాలిలో పక్కకు మళ్లుతుంది. ఎనభై గజాల్లో మనిషికి తగలవచ్చు. నూట యాభై గజాలు దాటితే తగలడం అదృష్టమే.

దీన్ని ప్రయోగాలతో నిరూపించినవాడు ఇంగ్లీషు గణితవేత్త బెంజమిన్ రాబిన్స్. 1742లో అచ్చయిన ఆయన పుస్తకం గుండు వేగాన్ని లోలకంతో కొలిచే పద్ధతిని లోకానికి చూపింది. గొట్టంలో మెలి తిరిగిన గాడులు, కోడిగుడ్డు ఆకారపు గుండు వాడాలని 1747 నాటికే వాదించాడు. అదే రాబిన్స్ కంపెనీ కోటలు బాగుచేయడానికి మన కోరమాండల్ తీరానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు. అప్పటికి చెందుర్తి పోరు ఏడేళ్ల దూరంలో ఉంది. ఆ ఏడేళ్లలో ఆయన మాట కంపెనీ పటాలాల తుపాకుల దాకా రాలేదు.

గుండుకూ గొట్టానికీ మధ్య ఖాళీని పూడ్చడానికి వేటగాళ్లు కనిపెట్టిన ఉపాయం గుడ్డ. దట్టంగా నేసిన పలుచని నూలుగుడ్డ ముక్కలో గుండును చుట్టి, గాడులున్న గొట్టంలో దట్టిస్తే గుండు గాడులను పట్టుకుని నిలకడగా తిరుగుతుంది. నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం పేరుతో ఐరోపాలో అమ్ముడైన మెత్తని గుడ్డ కూడా అలాంటి దట్టమైన నేతదే. రెండో ఉపాయానికి మూలం మరీ దగ్గరిది. దక్షిణ భారతంలో ఊదుగొట్టం బాణాల అడుగున తామర బెండు ఉబ్బి గాలిని ఆపడం చూసి, కెప్టెన్ నార్టన్ అనే ఇంగ్లీషు అధికారి 1823లో అడుగు బోలుగా ఉన్న గుండు తయారుచేశాడని చెబుతారు. 1849లో ఫ్రెంచి అధికారి మీనియే ఆ దారినే పక్కా గుండు చేశాడు. వదులుగా దిగుతుంది. మందు పేలగానే అడుగు ఉబ్బి గాడుల్లో బిగుసుకుంటుంది.

1857లో ఇంగ్లండులోని హైత్‌లో రెండు తుపాకులను పక్కపక్కన పరీక్షించారు. 500 గజాల దూరంలో సైన్యపు ఎన్‌ఫీల్డ్ గుళ్లు సగటున సుమారు 68 సెంటీమీటర్లు పక్కకు పోతే, ఇంజనీరు విట్‌వర్త్ చేసిన ఆరుపలకల గొట్టం గుళ్లు 11 సెంటీమీటర్లు మాత్రమే పోయాయి. అదే ఏడాది మన దేశంలో సిపాయిలు తిరగబడ్డారు. ఆ తరువాత ప్రభుత్వం భారతీయ పటాలాలకు ఎన్‌ఫీల్డ్ ఆకారంలోనే, గాడులు లేని నున్నటి గొట్టాలు ఇచ్చింది. చూపుకు ఒకే తుపాకీ, గురిలో మాత్రం వందేళ్ల వెనక. తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో పనిచేసిన మద్రాసు సైన్యమూ ఆ భారతీయ పటాలాల్లో భాగమే. తక్కువ గురిని చట్టంలా పంచిపెట్టిన ఈ నిర్ణయం పన్నుల దోపిడీ అంత స్పష్టంగా పిల్లలకు చెప్పదగింది.

మన్యం ఏజెన్సీలో పోలీసులు స్వాధీనం చేసుకున్నట్టు ప్రకటించే ‘ఎస్‌బీఎంఎల్’ (మూతి నుంచి దట్టించే ఒంటి గొట్టం) నాటు తుపాకులు కూడా నున్నటి గొట్టంవే. 1922 ఆగస్టు 22 నుంచి వరుసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి అల్లూరి సీతారామరాజు దళం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు ఎందుకు పట్టుకెళ్లిందో నాటు తుపాకీ గురి తెలిసినవారికి వేరే చెప్పక్కర్లేదు.

గురిని నోటిమాటతో తేల్చలేం. ఒక గుండు నట్టనడుమ తగిలిందని మురిసిపోవడం పరీక్ష కాదు. మూతి నుంచి దట్టించే తుపాకుల అంతర్జాతీయ పోటీల్లో అరగంటలో 13 గుళ్లు కాల్చనిచ్చి, మంచివి పది లెక్కిస్తారు. ఒక రకం గుళ్లను పరీక్షించేటప్పుడు మధ్యలో గొట్టం, మందు తూకం మార్చకూడదు. ప్రతి గుండు తరువాత మసి తుడవాలి. గుళ్లు ఎంత వెడల్పులో పడ్డాయో కొలవాలి. గుడ్డ చుట్టిన గుండ్రటి గుండుకు 66 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే నిదానమైన గాడి నప్పుతుంది. బాగా పొడుగైన గుండుకు అంతకన్నా త్వరగా చుట్టు తిరిగే గాడి కావాలి. ఒకదాని గొట్టంలో రెండోది వేసి ‘ఈ గుండు పనికిరాదు’ అని తీర్పు చెప్పడం ఆ గుండుకు చేసే అన్యాయం.

చేయవలసిన పనులు రెండు. మ్యూజియం అద్దాల వెనక ‘పాత తుపాకీ’ అన్న చీటీతో నిలబెట్టిన ప్రతిదానికీ గొట్టం వ్యాసం, గాడులు ఉన్నాయా లేవా, ఏ గుండు వాడేవారు అన్న మూడు వివరాలు రాయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. రెండో పని కొంచెం కష్టం, అయినా చేయదగింది. పాత తుపాకులను, నాటు తుపాకులను ఎవరూ కాల్చి చూడకూడదు. పగుళ్లున్న గొట్టం కాల్చినవాడి ముఖం మీదే పేలుతుంది, పనిచేసే తుపాకీని లైసెన్సు లేకుండా ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం కూడా. కొత్తగా తయారుచేసిన నమూనాలతో, లైసెన్సున్న రేంజిలో, నిపుణుల చేత వదులు గుండు, గుడ్డ గుండు, మీనియే గుండు దేనికి తగిన గొట్టంలోంచి దాన్ని పది పది చొప్పున కాల్పించాలి. ఎనభై గజాల్లో ఒకసారి, నూట యాభై గజాల్లో ఒకసారి కొలిచి, ఆ కాగితాలను చెందుర్తి పాఠం పక్కన అచ్చువేయాలి.